లెక్క

మా పక్క డబ్బును లెక్క అంటారు.
"లెక్క ఉందా?" అంటే జేబు తడుముకోవాల,
వేళ్ళు మడవాల్సిన పని లేదు.
గుంతకల్లులో గది అద్దెకు అడిగినప్పుడు
ఏం పని చేస్తావు నాయనా అంది ఖాసింబీ.
లెక్కలు చూస్తానమ్మా అన్నాను.
అబద్ధం కాదు.

నెలకు రెండుసార్లు అమరావతి ఎక్కుతాను.
పై బెర్తు, తలకింద చెప్పులు,
నడుముకు గుడ్డసంచిలో లెక్క.
బళ్ళారి ఇంకా రాకముందే
చక్రాల చప్పుడు బోలుగా మారుతుంది.
కళ్ళు తెరవకుండానే తెలుస్తుంది, హగరి.
కింద నీళ్ళుండవు,
ఇసుక ట్రాక్టర్ల లైట్లుంటాయి.

గోవాలో నీళ్ళమీద ఓడ, ఓడలో బల్ల,
బల్ల చుట్టూ తొమ్మిదిమంది.
రాత్రంతా నేను చేసే పని చెబితే నవ్వుతారు.
ముక్కలు చూడ్డం, మూసెయ్యడం.
చూడ్డం, మూసెయ్యడం.
కణేకల్లు సంతలో మా పెదనాయన
ఎద్దు పళ్ళు చూసి, గిట్టలు చూసి,
తువ్వాల కింద వేళ్ళు పట్టి బేరమాడి
పొద్దుగూకి ఒట్టి పలుపుతో ఇంటికొచ్చేవాడు.
నష్టపోలేదు కదా అనేవాడు.

ఐదో ముక్కను అక్కడ రివర్ అంటారు.
రివర్ వస్తుంది, తెస్తుంది అని
ఉన్న బిళ్ళలన్నీ ముందుకు తోస్తారు.
నేను హగరి గట్టున పుట్టినోణ్ణి.
మాకు నది వచ్చేది కాదు, తవ్వుకునేది.
చెలమలో అరచేతి లోతు ఊట,
చెంబుతో మెల్లగా తోడుకోవాల,
తొందరపడితే బురద.
ఏడేళ్ళుగా నేను తాగేది ఆ నీళ్ళే.

ఆటమీద ఇష్టముండేది పీరావలికి, నాకు కాదు.
బుడ్డల మిల్లు వెనక లోపల-బయట ఆడి
వాచీ, సైకిలు, ఒకరోజు తొడుక్కున్న చొక్కా కూడా ఓడి
బనీనుతో ఈల వేసుకుంటూ పోయినాడు.
నాకు ఈల రాదు.
నాకు నోటుపుస్తకం ఉంది:
తేదీ, గంటలు, వచ్చింది, పోయింది, రైలు, ఇడ్లీ.
మొన్న మార్చిలో పదకొండు రాత్రులు వరసగా పోయింది,
ఒక్క తప్పు కూడా చెయ్యకుండా.
అదెట్లా ఉంటుందో పెళ్ళిచూపుల్లో ఒకసారి చెప్పబోయాను,
కాఫీ గ్లాసులు కిందపెట్టి లేచిపోయినారు.

ఒక మధ్యాహ్నం ఖాసింబీ చీటీపుస్తకం తెచ్చింది,
లెక్కలు చూసేవాణ్ణి కదా, చూడమని.
రెండు పేజీలకే దొరికింది.
చీటీ ముందే ఎత్తుకున్న హనుమక్క
తొమ్మిది నెలలుగా కట్టడం లేదు,
ఆ కంతు కూడా ఈమె కుట్టుమిషన్ నుంచే పోతోంది.
చెప్పాను. ఇది చచ్చిన ఆట అమ్మా,
ఇక్కడితో మూసెయ్.
సూదిలో దారం ఎక్కిస్తూ తల ఎత్తకుండా అంది:
"తెలుసులే నాయనా.
ఆయమ్మ మొగుడు కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నాడు.
పుస్తకంలో కూడిక సరిగ్గా ఉందా లేదా,
అంతవరకే చూడు."

కూడిక సరిగ్గానే ఉంది.

మొహాలు చదివి బతుకుతాను నేను.
మెడమీద నరం కొట్టుకునేది చూసి
ఎదుటివాడి చేతిలో ఏముందో చెప్పగలను.
ఆమె మొహంలో ఏమీ దొరకలేదు,
దారం కొసను తడిపిన నాలుక తప్ప.

ఓడతానని తెలిసీ డబ్బు వేసేవాళ్ళకోసమే
అంతదూరం రైలెక్కి పోతాను.
వాళ్ళు తాగి ఉంటారు, లేదా కుర్రోళ్ళు,
లేదా ఆ రాత్రి ఇంటికి పోలేనివాళ్ళు.
ఈమె ఏ గీత కిందకి వస్తుందో
పుస్తకం తెరిచి చాలాసేపు కూర్చున్నాను.

ఆ నెల అద్దెలో ఐదొందలు ఎక్కువ పెట్టాను,
ఏమీ అనకుండా, మడత లోపల.
పొద్దున్నే ఉగ్గాని గిన్నెతో పైకొచ్చింది,
గిన్నె కింద ఐదొందల నోటు.
"లెక్కలు చూసేవాడివి,
ఇట్లా తప్పితే ఎట్లా బతుకుతావు నాయనా?"