దిబ్బ క్లబ్బు, తొమ్మిదో నంబరు

ఈ ఊరి పేరు దిబ్బ.
మా దిక్కు దిబ్బంటే పెంట పోసే జాగ.
ఈ ముచ్చట కొద్జోకు నేనెన్నడూ చెప్పలేదు.
ఒక దిక్కు సముద్రం, ఎండబెట్టిన చిన్నచాపల వాసన,
ఇంకో దిక్కు గడ్డిపోచ మొలవని గుట్టలు,
నడుమ నీళ్ళు కొని పెంచిన పచ్చదనం మీద
ఇషా నమాజు అయినంక, లైట్ల కింద
అతను ఉరుకుతుండేటోడు.

నా పని బట్టలుతుకుడు.
ఆడేటోళ్ళవి, బెంచీ మీద కూసునేటోళ్ళవి,
కోచ్ మెడకేసుకునే తువాల గూడ.
నేను మనిషిని మొకం చూసి కాదు, మేజోళ్ళు చూసి గుర్తుపడ్త.
కొద్జోవి పిక్కల కాడ కత్తెరతో కోసుంటయి.
ముప్పై నాలుగేండ్ల పిక్కలు, బిగుతు ఓర్వయి.
మోకాలి పట్టీ బంక లాగు అంచుకంటితే
మరిగే నీళ్ళకు గూడ లొంగది.

లోమేల మొదలైందట ఆట.
తర్వాత కోటోను, ట్యునీషియాల రెండేండ్లు,
సైప్రస్‌ల ఒక చలికాలం, జీతం లేకుంట, ఉడకబెట్టిన గుడ్ల మీద.
మాల్టా. ఢాకాల వానలు, మోకాలి లోతు బురద.
సూర్‌ల పడవలు చేసే వడ్లోళ్ళు
సుత్తెలతోని చెక్కలు కొట్టి మెచ్చుకునేటోళ్ళట.
వేళ్ళు మడుచుకుంట చెప్పి, పదీ అయిపోయినంక
పదకొండోదానికి నా చిటికెనవేలు అడుక్కుండు.

"మొత్తం ఎన్ని గోల్సు?" అన్న.
"రెఫరీ ఒప్పుకున్నవా, నేను ఒప్పుకున్నవా?"

బాల్ ఇటియ్యిమని ఆరు భాషలల్ల అరుస్తడు.
ఏడోది నేను నేర్పిన: ఇటెయ్.
డ్రైయర్ మీద కూసోని రెండు రోజులు నోరు తిప్పిండు.
ఆ శుక్రవారం స్టాండ్లల్ల పదిహేడు మంది, నాలుగు పిల్లులు,
డెబ్బయ్యో నిమిషం.
"ఇటెయ్!" అని ఒక్క కేక.
మెట్‌పల్లి బస్టాండ్ల ఎవలో నన్నే పిలిచినట్టు
చేతిలున్న నీళ్ళ సీసాల బుట్ట జారవిడిచిన.
లెబనాన్ పిలగానికి ఏమర్థమైందో ఏమో, ఇచ్చిండు.
బాలు కంబానికి తాకి బయటికి పోయింది.
గా కంబం ఎంతసేపు మోగిందో!
పిల్లులు లేచి పోయినయి.

మేనేజర్ రూముల ఇనుప బీరువ ఒకటున్నది.
నా నీలం పాస్‌పోర్టు, అతని ఆకుపచ్చ పాస్‌పోర్టు
ఒకే అరల, ఒకదాని మీద ఒకటి పండుకుంటయి.
నాది రెండేండ్ల కాగితం, అతనిది తొమ్మిది నెలలది.
జనవరిల అతనిది బీరువలకెళ్ళి బయటికొచ్చింది.
ఎవలూ కోపం చెయ్యలేదు, ఎవలూ ఏడ్వలేదు.
సంచి తనే మోసుకుండు.
గేటు కాడ వాచ్‌మన్ సల్యూట్ కొట్టబోయి
సగంల చెయ్యి దించి గడియారం చూసుకుండు.

"కొత్త చొక్కాకు పైసల్లేవు, గంగరాజం.
పేరు పీకి, కొత్త పిలగానిది అంటుపెట్టు."
అంటే ఇస్తిరిపెట్టె వేడి జేసుడు,
పైన కాగితమేసి ఒత్తుడు,
అంచు లేవంగనే గోరుతో మెల్లగ గుంజుడు.
అమెగాన్, ఇంగ్లీషుల ఆరక్షరాలు.
ఆఖరుది రానంటే రానని మొండికేసింది.
ఊడొచ్చినంక బట్ట మీద
ఎండ తాకని చర్మం లెక్క ఆరు నీడలు.
కొత్త పిలగాడు ఇవో, ఇరవై రెండేండ్లు, మూడక్షరాలోడు.
నడిమిట్ల అతని పేరు కూసున్నది గని
అటొకటి, ఇటొకటి నీడలు మిగిలినయి.
చెమట పట్టినప్పుడు లైట్ల కింద ఇంకింత కొట్టొచ్చినట్టు కనవడ్తయి.
మూడుసార్లు ఉతికిన. సబ్బు తప్పు కాదు.

మొన్న ఫోన్ల అతని గొంతు, వెనక గాలి చప్పుడు.
బహ్రెయిన్‌లనట, రెండో డివిజన్ క్లబ్బట.
"గంగా, ఈడ బట్టలుతికేటాయన నాతోని మాట్లాడకపోతుండె.
ఇయ్యాల ప్రాక్టీసుల 'ఇటెయ్' అన్న.
బకెట్ కింద పెట్టి, గిరుక్కున తిరిగి నాదిక్కే చూసిండు."

ఇవో చొక్కా మీద ఇస్తిరిపెట్టె అట్లనే ఉన్నది.
తీసి పక్కకు పెట్టి
నా రెండో వేలు మడిచిన.