పన్నెండు శాతం మనిషి

ఈ వారంలో ఇది మూడోది.
మొదటి డ్రమ్ సాఫ్ట్‌వేర్ దిగడానికే రాత్రంతా పట్టింది.
తెరిచి కిక్ నొక్కగానే
స్టేడియమంత మోత.
కింద కొట్టు వెనకే కాపురముండే చెప్పుల యూస్టైన్
చీపురు కర్రతో పైకప్పు పొడిచాడు.
నా పాటేమో
ఆఖరి ఫెర్రీ వెళ్లిపోయాక
రేవులో టికెట్లు లెక్కపెట్టుకునే ఒకావిడ గురించి.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

రెండోదానిలో లేనిది లేదు.
గది ఎంత ఎత్తు, గోడ చెక్కదా రాతిదా,
మైకు ఎన్ని మూరల దూరం,
స్నేరు తోలు కొత్తదా నానిందా.
ఎంచుకుంటూ ఎంచుకుంటూ
పల్లవి మర్చిపోయాను.

మూడోది చిన్నది, చవక.
బ్రష్‌లున్నాయి,
పొడి మంచు మీద ఎవరో నెమ్మదిగా
బూటు రాస్తున్నట్టు.
నచ్చింది. నచ్చినందుకే అనుమానం వచ్చి
ఐవిన్‌కి ఫోన్ చేశాను.

తప్పే, తెలుసు.
పదకొండేళ్లు నా వెనక కూర్చుని వాయించిన మనిషిని పిలిచి
నీ చోట ఎవర్ని కూర్చోబెట్టను, అని అడగడం.

వచ్చాడు,
బెర్గెన్ వాన మొత్తం కోటు మీదేసుకుని.
కుడి మణికట్టుకి అదే నల్ల పట్టీ.
ఇప్పుడు పడవ ఇంజన్లు బాగుచేస్తున్నాడు,
సుత్తి కూడా ఎడమ చేత్తోనే.
హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.
పాట మొత్తం విన్నాడు.
"కుర్రాడు బాగున్నాడు" అన్నాడు.
"ఆలస్యంగా రాడు. తాగడు.
వ్యాన్‌లో ముందు సీటు నాదే అనడు."
నేను నవ్వాను. తను నవ్వలేదు.

తెర మీద ఓ మూల చిన్న చక్రం ఉంది,
'మనిషితనం' అని దాని పేరు.
సున్నా దగ్గర గోడ గడియారం,
నూరు దగ్గర పెళ్లి భోజనాల తర్వాతి బ్యాండు.
"మరి నేనెంత?" అన్నాడు.
తిప్పి చూశాం.
నలభై, ఓస్లో బారులో ఆ రాత్రి, వద్దులే.
పాతిక, మొదటి ఏడాది.
పన్నెండు దగ్గర నా వేలు ఆగింది.
ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.
పన్నెండు శాతమట మనిషి.
మిగతాదంతా ఏమై ఉంటుందో
ఆ చక్రం మీద రాసి లేదు.

అయినా రెండో చరణంలో
'దీపం' అన్న మాట ముందు
స్నేరు వచ్చి నా గొంతు మీద కాలేసింది.
"అక్కడ నువ్వు ఊపిరి తీసుకుంటావు, గున్‌వోర్."
లేదే, అన్నాను.
"తీసుకుంటావు. భుజాలు లేస్తాయి.
వెనక నుంచి నాకు కనపడేది అదొక్కటేగా,
అవి దిగాకే కొట్టేవాణ్ని."

మౌస్ ఎడమ చేతిలోకి తీసుకున్నాడు.
ఆ దెబ్బని వెంట్రుకవాసి కుడికి జరిపాడు.
తర్వాత దాని పక్కది కాదు, ఇంకెక్కడో ఉన్నది.
వెతకనక్కర్లేదు తనకి.
ముప్పై ఒక్క చోట్ల
నేను ఊపిరి పీల్చుకునేంత జాగా చేశాడు.
కాఫీ రెండుసార్లు చల్లారింది.
మొదటిసారి వేడిచేశాను.

రెండింటికి పది నిమిషాలుందనగా
తెర మీదికి ఒక బూడిదరంగు పెట్టె వచ్చింది.
ఉచిత గడువు తీరిందట,
చేసిన పని దాచుకునే వీలు ముందే లేదట.
తాళానికి తాళం పడింది.

"చెవి ఎంతట?"
నాలుగు వందల క్రోనర్లు, అన్నాను.
తడి జేబులోంచి రెండు వందలు తీసి
కీబోర్డు మీద పెట్టాడు.
"కొను. మళ్లీ మొదట్నించి జరుపుదాం,
ఎక్కడెక్కడో నాకు తెలుసు."

అప్పుడు నవ్వాం, ఇద్దరం, గట్టిగా.
కింది నుంచి చీపురు కర్ర
టక్, టక్కుమంది.
ఐవిన్ వేలెత్తి విన్నాడు.
"వీడు కొంచెం తొందరపడుతున్నాడు" అన్నాడు.