తిథి

శుక్రవారం పదింటికి వాళ్ళు వెళ్తారు,
నాలుగింటికి వీళ్ళొస్తారు.
మధ్యలో ఆరు గంటలు పోర్తెన్నర్ మాది.
నాదీ, నా వాక్యూమ్ క్లీనర్‌దీ,
నడుముకి వేలాడే పదకొండు ఇళ్ళదీ.

గడప పక్కన గోడకి నల్లటి చిన్న పెట్టె,
నాలుగంకెలు తిప్పితే నోరు తెరిచి
తాళంచెవి కక్కుతుంది.
ఒకప్పుడు ఈ తలుపులకి గడియే పెట్టేవాళ్ళు కాదట.
డెన్‌జిల్ చెప్పాడు, ఎండ్రకాయల బుట్ట అల్లుతూ.
అతని బుట్టల్లో ఇప్పుడు ఎండ్రకాయలు పడవు,
దీపాలు వెలుగుతాయి, భోజనాల బల్లల పైన.

ఇళ్ళకి పేర్లు:
వలల కొట్టు. ఉప్పు గది. చేపనూనె మేడ.
లోపల వల లేదు, ఉప్పు లేదు,
నీచు వాసన అసలే లేదు.
వెళ్ళేముందు నేనే ఒక సీసా పిచికారీ చేస్తాను,
దాని మీద 'సముద్రపు గాలి' అని రాసుంటుంది.
కిటికీ తీస్తే అదే గాలి, ఊరికే.

స్నానాలగదిలో ఆకుపచ్చ అట్ట:
తువ్వాలు నేలమీద పడెయ్యకండి, కొక్కేనికి తగిలించండి,
భూమి మీకు రుణపడి ఉంటుంది.
తగిలిస్తారు. మంచివాళ్ళే.
చెత్తని నాలుగు రంగుల డబ్బాల్లోకి ఓపిగ్గా ఏరి వేస్తారు.
పోతూ పోతూ పుస్తకంలో రాస్తారు:
"ఎంత ప్రశాంతమైన ఊరు! మనిషి అలికిడే లేదు."

జనవరిలో ఒక రాత్రి లెక్కపెట్టాను.
నలభై రెండు ఇళ్ళకి తొమ్మిది దీపాలు.
బడిలో ఐదుగురు పిల్లలు మిగిలారు,
కబడ్డీకి ఒక జట్టయినా కాదు.

మా భాషలో అతిథి అంటే
తిథి చెప్పకుండా వచ్చేవాడని డెన్‌జిల్‌కి చెప్పాను.
"ఇక్కడ వాళ్ళందరికీ తిథులున్నాయి,
లేనిది మాకే" అన్నాడు.
ఆ వారమే అతని మనవరాలు లొవేనాకి కాగితం వచ్చింది,
ఈస్టర్ లోపు ఇల్లు ఖాళీ చెయ్యమని.

ఆగస్టులో, మిట్టమధ్యాహ్నం,
తేలే పలక మీద కూర్చున్న పిల్లని
నేల మీంచి వీచే గాలి లాక్కుపోయింది.
పేజర్లు మోగాయి.
మోగాయి గానీ ఊళ్ళో కాదు,
పద్నాలుగు మైళ్ళ అవతల, కాంబోర్న్ అద్దెగదుల్లో,
ఒకటేమో సూపర్‌మార్కెట్ కౌంటర్ వెనక.
దారి పొడుగునా ఎదురెదురు కార్లు,
వెనక్కి పోవడం ఎవరికీ రాదు.
ఇక్కడ గూట్లో రక్షణ పడవ, పడవకి కట్టిన ట్రాక్టర్,
ట్రాక్టర్ పక్కన డెబ్బై తొమ్మిదేళ్ళ డెన్‌జిల్, ఒక్కడే,
చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

పిల్ల బతికింది.
అది ముందే చెప్పెయ్యాలి,
కవిత కోసం నేనామెని ముంచలేను.
ఇరవై ఆరు నిమిషాలు పట్టింది, అంతే.

తండ్రి ఏడ్చాడు. డబ్బాలో యాభై పౌండ్ల నోటు దూర్చాడు.
"ఇంతసేపెందుకైంది?" అని అడిగాడు,
కోపంగా కూడా కాదు.
లొవేనా బూట్లలోంచి నీళ్ళు వంపుకుంటోంది.
అతను దిగింది ఉప్పు గదిలో.
ఆమె పుట్టిందీ అందులోనే.
తువ్వాలు కొక్కేనికే తగిలించి ఉంటుంది, నాకు తెలుసు.

సెప్టెంబరులో పడవ గూటికి వెళ్ళాను.
ఏం వచ్చు? అన్నారు.
ఈత రాదు.
ట్రాక్టర్ వచ్చు. బాల్కొండ నుంచి నిజామాబాద్ యార్డుకి
పసుపు బస్తాలు తోలినదాన్ని,
ట్రాలీతో రివర్స్ కొట్టమంటే
మగపిల్లలు నాకే స్టీరింగ్ ఇచ్చేవాళ్ళు.

లొవేనా ఫారం నింపుతోంది.
చిరునామా? లాండ్రీ పైన గది.
గూటికి ఎంత దూరం? పరిగెడితే రెండు నిమిషాలు.
ఎన్నాళ్ళుంటావు?
తిథి లేదు, అన్నాను, తెలుగులోనే.
డెన్‌జిల్ ఒక్కడే నవ్వాడు.

ట్రాక్టర్ సీటు మీద ఉప్పు పేరుకుని ఉంది.
తుడవకుండా ఎక్కి కూర్చున్నాను.