దుబాసీ తప్పు

కిట్‌గుమ్ నుంచి జీపు వచ్చినప్పుడల్లా
నేను దుబాసీని.
రెండు నోళ్ళ మధ్య కూర్చోవడం నా ఉద్యోగం.
అటు కెప్టెన్, ఆయన పటం,
పటం నిండా గుచ్చిన ఎర్ర గుండుసూదులు.
ఇటు మామిడి నీడలో, చాపల మీద,
క్యాంపుల నుంచి తిరిగొచ్చిన ఊరు.

"భద్రంగా ఉందా అని అడుగు.
ఒకటి నుంచి అయిదు దాకా
ఏదో ఒక అంకె చెప్పమను."

ఆ మాటని మా ఆచోలీలో
మూడేళ్ళుగా ఒకేలా చెబుతున్నాను:
సైనికులు సరిపడా ఉన్నారా?
ఎవరూ తప్పు పట్టలేదు.
ఉన్నారు, ఉన్నారు అనేవాళ్ళు, నేల చూస్తూ.
నేను అయిదు వేసేవాణ్ణి.

లమునుకి మాత్రం నోట్లో నువ్వుగింజ నానదు.
ఆమె చేటలో నిజంగానే నువ్వులున్నాయి ఆ పూట.
చెరుగుతూనే అంది:
"అంకె నాకెందుకు?
నా కుక్క మొరుగుతోంది. అది రాసుకో."

కెప్టెన్ నవ్వాడు.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

"నవ్వకు నాయనా.
ఆ రోజుల్లో కుక్కల్ని మేమే చంపుకున్నాం.
గడ్డిలో దాక్కున్న రాత్రి
ఒక్కటి మొరిగినా ఊరు ఊరంతా పోతుందని.
మా ఆయన పెంచుకున్నదాన్ని మా ఆయనే.
తాడు తెచ్చిచ్చింది నేను.
పిల్లల నోళ్ళయితే చేతుల్తో మూశాం.
కొన్ని మళ్ళీ తెరుచుకోలేదు."

చేట ఆగింది.
పొట్టు కాసేపు గాల్లోనే ఉంది.

"ఇప్పుడు అర్ధరాత్రి కుక్క మొరిగితే
ఎవరది? అని గొంతెత్తి అడుగుతున్నా.
చీకట్లోంచి ఒక పేరు జవాబొస్తోంది.
పక్కింటి ఓల్వెనీ పేరో, వాడి ఆవు కోసం వచ్చినవాడి పేరో.
పేరు వినబడ్డాక నిద్రపోతున్నా."

"బోరింగు పక్కన కొత్త పోస్టు పెట్టాం.
దాని సంగతి అడుగు," అన్నాడు కెప్టెన్,
ఒక సూది తల మీద వేలు పెట్టి.

"అది వచ్చాక నా మనవరాలు అతిమ్
బోరింగుకి పోవడం మానేసింది.
పాత వాగుకి నడుస్తోంది, రెండు మైళ్ళు.
సిపాయి చెడ్డవాడని అనను.
పేరడుగుతాడు, అంతే.
నిన్న చెప్పిన పేరే ఇవాళా అడుగుతాడు,
బిందె నిండినా అడుగుతూనే ఉంటాడు.

ఇంకో మాట.
ఓల్వెనీ చేనుకీ మా చేనుకీ మధ్య
గట్టు ఎక్కడుండేదో తెలిసిన ముసలాళ్ళు
క్యాంపులోనే మట్టయ్యారు.
ఆ గట్టు మీ పటంలో ఉందేమో చూడు.
లేకపోతే ఒక సూది అక్కడ గుచ్చుకోండి.
రేపటి కొడవలి అక్కడే నూరుతున్నారు."

మా భాషలో గ్వోక్ అంటే కుక్క.
గ్వోకో అంటే కాపాడటం, సాకటం,
కనిపెట్టుకుని ఉండటం.
చిన్నప్పట్నుంచీ నా నాలుక మీద
ఒకే గోనె మీద పడుకున్న మాటలు.
వాటిని దాటుకుంటూ పోయి
నేను తుపాకీని వెతికి తెచ్చాను,
మూడేళ్ళు, జీతానికి.

"ఏమంటోంది? ఎంత వెయ్యను?"

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను.
తాడు చెప్పాను. నోళ్ళ సంగతి చెప్పేటప్పుడు
నా మాట రెండుసార్లు తెగింది.
జీపు డ్రైవరు రేడియో కట్టేశాడు.

కెప్టెన్ సూది పీకెయ్యలేదు.
పీకేస్తానని మాటా ఇవ్వలేదు.
చాలాసేపు పటం చూసి
"ఆ అమ్మాయి నీళ్ళకి ఏ వేళ వెళ్తుంది?" అన్నాడు
నాతో.

జవాబు నాకు తెలుసు.
అయినా మింగేసి, అతిమ్ వైపు తిరిగాను.
చాప చివర కూర్చుని
గడ్డిపోచ చుట్టుకుంటోంది వేలికి.
ఇన్ని సభల్లో ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు.

ప్రశ్న వింది.
పోచ విప్పింది.
కెప్టెన్ వైపు చూస్తూ నాతో అంది:

"చెబుతాను.
ముందు ఆయన పేరేమిటో అడుగు."