మేడమీది లైటు

గోపాలపురం దాటేక, కొత్త గేటు లోపల
ఏడో నెంబరు ఇల్లు.
సంద్రం వైపు గోడ లేదు, అంతా అద్దమే.
దానిమీది ఉప్పు రోజూ నానే తుడుత్తాను.
తెల్లారేసరికి మళ్ళీ పేరుకుంటాది.
గేటుకాడ ఒరియాలో నన్ను పాసు అడుగుతారు,
ఉప్పునెవరూ అడగరు.

బాబుగారు కటకం నుంచి ఏడాదికి నాలుగు రోజులొస్తారు.
నీళ్ళలో దిగరు. సూస్తారంతే.
మిగతా రాత్రుళ్ళు కాపలా నాదే.

పునాది తవ్వకముందు ఇక్కడ సరుగుడు తోపు.
తోపు మొనా, ఎనకాల కొండ నెత్తీ
ఒక్క గీతలోకొస్తే పడవ మళ్ళించాల.
మా దండాసి అలాగే ఒడ్డు పట్టేవోడు.
తోపు పోనాది.
సీకట్లో ఇప్పుడు మేడమీది లైటే గురుతు.

అందుకే ఆర్పడం మరిసిపోతుంటాను.
మొన్న అమాసనాడు దానంతటదే ఆరిపోనాది.
కటకంలో కూకుని, ఫోనులోంచి ఆర్పేరంట!
ఆ రాత్రి నాలుగు పడవలు
సోనపురం దాకా కొట్టుకుపోయి
పొద్దెక్కేక తిరిగొచ్చాయి.

బాల్కనీ దీపం మాత్రం
మనిషి కదిల్తే ఎలుగుతాది.
మూడు గంటలకి లేచి
ఇటునుంచటు, అటునుంచిటు నడుత్తాను.
నిలబడితే ఆరిపోతాది,
కొంగు ఊపుతాను.

"రాత్రుళ్ళు అక్కడెవరు?" ఫోనులో బాబుగారు.
బల్లి బాబూ, అన్నాను.
శానా పెద్ద బల్లి.