బోడతరం

దస్తగిరమ్మ వచ్చిందని
వాసనే ముందు చెబుతుంది.
ఆమె ఇంకా వరండా మెట్లెక్కుతుండగానే
చీటీల బల్ల దగ్గరున్న నా ముక్కులోకి
ఫినాయిల్‌ని పక్కకు నెట్టుకుంటూ
ఘాటుగా, కాస్త చేదుగా,
వానకు తడిసిన గొర్రె మీద
ఎవరో వాము నలిపినట్టు.

కొంగు ముడిలో బోడతరం.
రేకులుండవు ఆ పూలకి.
చొక్కా గుండీలంత ఊదారంగు గుండ్లు, అంతే.
చామంతికి చుట్టమేనంట.
ఏ పెళ్లికీ పిలవని చుట్టం.

మార్కాపురం పలకల గనుల కింద
నీళ్లింకి నెర్రెలిచ్చిన గుంటల్లో,
పగిలిన రాతిపెచ్చుల సందుల్లో,
శివరాత్రి చలి కూడా వెళ్లిపోయాక
తీరిగ్గా పూస్తుంది.
మేకలు వాసన చూసి తల తిప్పుకుంటాయి.
దానికి వేరే కంచె అక్కర్లేదు.

పదకొండో ఏట రంపం దగ్గర కూర్చుందట.
"మేస్త్రీ పాతగుడ్డ ఇచ్చాడబ్బయ్యా,
ముక్కుకి కట్టుకోమని.
దాంట్లో ఈ ఆకు నలిపి పెట్టుకునేదాన్ని.
ఇంత వాసన లోపలికి పోతావుంటే
ఇంక దుమ్ముకి చోటేడుందిలే అనుకున్నా."

నా మొదటి పలక అంచులు
చెయ్యి కోసుకోకుండా నున్నగా ఉండేవి.
ఎవరు రుద్దారో
నేనెప్పుడూ అడగలేదు.

ఇవాళ ఫిల్ము వచ్చింది.
డాక్టరమ్మ కిటికీ వెలుతురుకి పెట్టి చూసి
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి,
తర్వాతి పేషెంటుని పిలిచింది.
చెప్పడం నా వంతు.

ఎత్తి పట్టుకున్నాను.
పక్కటెముకల మధ్య, రెండువైపులా
గుండ్రంగా, తెల్లగా, చిన్నచిన్నవి, లెక్కలేనన్ని.
నేను మాట వెతుక్కునేలోపే
ఆమె కళ్లు చిట్లించి నవ్వింది:
"అబ్బో! బాగానే కాసిందే."

కాసేపాగి,
"పీకితే రాదా అబ్బయ్యా?"

రాదన్నాను.

"ఇదీ అంతేలే. కాడ తెగుద్ది గానీ
వేరు చేతికి రాదు."

పరిహారం కాగితంలో నాలుగో గడి:
గనిలో పనిచేసినట్టు రుజువు.
గని మూతబడి తొమ్మిదేళ్లు.
మస్టరు పుస్తకంలో ఆడోళ్ల పేర్లు
అప్పుడూ లేవు.
ఏం రాయమంటావని అడిగాను.
"దగ్గుతా. వినమను."
అని నిజంగానే దగ్గింది,
బల్ల మీద కాగితాలు కదిలేలా.
బెంచీ మీద వాళ్లందరూ ఇటు తిరిగారు.
నాలుగో గడి తిరగలేదు.

వెళ్తూ ఫిల్ము అడిగి తీసుకుంది.
మనవడు ఖాదర్‌వలీకి కావాలంట,
గ్రహణం రోజు సూర్యుణ్ణి చూడ్డానికి.
"ఊరికే పారేస్తే ఏమొస్తది,
నా లోపల నుంచి వాడికి ఎండన్నా కనపడనీ."

ముడి విప్పి నాలుగు రెమ్మలు బల్ల మీద పెట్టింది.
"బియ్యంలో వేసుకో. పురుగు పట్టదు."

పొదిలి బస్సులో నా పక్క సీటాయన
రెండుసార్లు నన్ను చూసి
కిటికీ తెరిచాడు.

రాత్రి బియ్యం డబ్బాలో వేశాను.
పొద్దున్నే మా ఆవిడ మూత తీసి,
చేట చేతిలో పట్టుకుని,
వీధి తలుపు వైపు తిరిగి
అడిగింది:
"ఎవరొచ్చారు?"