ఆ మాట కాడ

కల్వకుర్తిల తాసీలాఫీసు గోడ పక్కన
గొడుగు కింద నా కుర్చీ.
ఇరవై రెండేండ్ల సంది
పాసుబుక్కుల తప్పులు, పింఛన్లు,
ఇంటిపేరు దిద్దుబాట్లు.
ఈదమ్మ వచ్చిన రోజు
కాగితం లేచిపోకుండ దాని మీద రాయి పెట్టిన.

బడిల వంట చేస్తది.
తొంభై రెండు మంది పిల్లలు, ఒక్క పొయ్యి.
శుక్రారం ఇద్దరొచ్చి
పప్పు గంజుల దోసెడు దోసెడు మన్ను పోసిన్రు.
ఒక మాట అన్నరు.
గంటె ఆమె చేతిలనే ఉండెనట.

టేషన్ల మూడు దినాలు బెంచీ.
"ఊర్లె మాట్లాడుకోన్రి" అన్నడు రైటరు.
"పప్పే గదనమ్మా" అన్నడు ఇంకొకడు.
నాలుగోనాడు బాలమణి ఎంబడొచ్చింది.
ఒకప్పటి నర్సు.
సంచిల సద్ది, బీపీ గోలీలు, అట్ట చినిగిన చట్టం బుక్కు.
ఎవ్వరినీ గదమాయించదు. పక్కన కూసుంటదంతే.
కూసున్న మనిషిని లేపుడు కష్టం.

"ఏమన్నరో అదే రాయాలె" అన్నది నాతోని.
"ఉత్తగ 'కులం పేరుతో తిట్టిరి' అంటె
రేపు కోర్టుల జారిపోతది."
పెన్ను పట్టుకొని చూస్తున్న.
ఈదమ్మ నోరు తెరిచింది. మూసింది.
ఒడిల మనవరాలు, ఐదో తరగతి.
"పిల్ల ముంగట ఎట్లంటు సారూ?"

ఎండ గొడుగు దాటి నా మోకాళ్ల మీదికొచ్చింది.
పిల్ల నా చేతిల పెన్ను గుంజుకున్నది.
పాత దరఖాస్తు వెనుక
గుండ్రటి అచ్చరాలతోని, ఒత్తు తప్పకుండ,
ఆ మాట రాసింది.
ఎవరు నేర్పిన్రని మేమెవ్వరం అడగలే.

నాకు తెల్వని మాట కాదు.
మా ఇంట్ల పెండ్లిళ్ల కాడ, చీట్లాట కాడ
నవ్వుకుంట ఆడేదే.
నా చెయ్యి దాన్ని నిదానంగ రాసుడు
అదే మొదటిసారి.
మూడు అచ్చరాలకు
ఇంత సేపు పడ్తదనుకోలే.

పొద్దుగూకినంక నంబరు పడ్డది.
పైస తీసుకోకుండ కాపీ ఇచ్చిన్రు.
బాలమణి సద్ది విప్పింది, ఎవ్వరం తినలే,
పిల్ల తిన్నది.

ఈదమ్మ కాగితం మడవలే.
బస్టాండు లైటు కింద నా చేతికిచ్చి
చదువుమన్నది.
పేరు చదివిన. ఊరు చదివిన. తారీఖు.
ఆ మాట కాడ
నా గొంతు పక్కకు జరిగింది.

"ఆగకు సారూ" అన్నది.
"నేను ఒకపారి విన్న.
నువ్వు గూడ విను."